బాగున్న రోడ్డుకు ముందు, గుంతల రోడ్డుకు తర్వాత: ఎందుకలా చేస్తారు?

మీరు అడిగింది ఇది: మీ వీధి రోడ్డు వేసి ఆరేళ్లే అయింది, ఒక్క గుంత కూడా లేదు. అయినా మొన్న మునిసిపాలిటీ వాళ్లు వచ్చి పగుళ్లలో తారు నింపి, పైన సన్నకంకరతో పల్చటి పొర వేసి వెళ్లారు. రెండు వీధుల అవతల రోడ్డు మాత్రం గుంతలతో అలాగే పడి ఉంది. ఇది డబ్బు వృథా కాదా, పాడైన రోడ్డు ముందు బాగుచేయాలి కదా అని.

నేను ఇరవై ఏడేళ్లు స్థానిక సంస్థల్లో రోడ్ల పని చూశాను. మొదటి పదేళ్లు మేం మీరు చెప్పిన పద్ధతిలోనే నడిచాం. ఏటా అన్నిటికంటే పాడైన రోడ్లేవో చూసి, ఉన్న డబ్బంతా వాటికే పెట్టేవాళ్లం. న్యాయంగా కూడా అదే అనిపించేది. పదేళ్లు తిరిగేసరికి పాడైన రోడ్ల జాబితా తగ్గలేదు, పెరిగింది. మేం నాలుగు రోడ్లు కొత్తగా వేసేలోపు, అంతవరకు బాగున్న ఆరు రోడ్లు చెడిపోయేవి. వాటిని ఎవరూ పట్టించుకోలేదు కాబట్టే చెడిపోయాయి. ఆ సంగతి నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ముందు తారు రోడ్డు ఎలా చస్తుందో చూడాలి. పైకి కనిపించే నల్లటి పొరే రోడ్డని మనం అనుకుంటాం. నిజానికి బరువులో ఎక్కువ భాగం మోసేది దాని కిందున్న కంకర పొరలు, ఆ కంకర కిందున్న మట్టి. ఊరి వీధుల్లో వేసే తారు పొర మందం సాధారణంగా కొద్ది సెంటీమీటర్లే. అది చేసే అసలు పని గొడుగు పట్టడం. జాన్ లౌడన్ మెకాడమ్ రెండు వందల ఏళ్ల కిందట, రోడ్లకు తారు వాడని రోజుల్లోనే ఈ మాట గట్టిగా చెప్పాడు: బరువు మోసేది నేలే, దాన్ని తడవకుండా ఉంచగలిగితే ఎంత బండినైనా మోస్తుంది. మట్టీ కంకరా పొడిగా ఉన్నప్పుడున్న బలంలో చాలా భాగం తడిసినప్పుడు పోతుంది. రోడ్డు నిర్వహణ అంతా ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ఆ గొడుగు ఎలా చిరుగుతుందంటే, తారు ఎండకూ గాలికీ ఏటేటా గట్టిపడుతుంది. కొత్తలో నల్లగా నిగనిగలాడిన రోడ్డు నాలుగైదేళ్లకు బూడిద రంగుకు తిరుగుతుంది, గమనించే ఉంటారు. ఆ రంగు మారడమే తొలి సూచన. సాగే గుణం పోయి తారు పెళుసుబారుతోందన్న మాట. చలికి రోడ్డు కుంచించుకోవాల్సి వచ్చినప్పుడు సాగలేక చిట్లుతుంది. వెంట్రుకవాసి బీట పడుతుంది. అందులోంచి వాన నీరు దిగుతుంది. కింది కంకర నానుతుంది, మట్టి మెత్తబడుతుంది, ఆ చోట రోడ్డు చక్రం కింద కొంచెం ఎక్కువగా వంగుతుంది. ఎక్కువ వంగితే ఇంకా బీటలు. వాన వెలిశాక బీటల అంచుల వెంట సన్నటి బురద మరక కనిపిస్తే, చక్రం నొక్కినప్పుడల్లా లోపలి నీరు మట్టి రేణువులను వెంటేసుకుని పైకి చిమ్ముతోందని గుర్తు. రోడ్డు లోపల డొల్ల అవుతోంది. కొన్నాళ్లకు బీటలన్నీ కలిసి మొసలి చర్మంలా గళ్లు గళ్లుగా మారతాయి. ఆ గళ్లలో ఒక్క ముక్క లేచొస్తే అదే గుంత. మంచు పడే చోట్ల ఇంకో కష్టం ఉంది: నీరు గడ్డకడితే దాని పరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది, బీటను లోపలి నుంచే చీలుస్తుంది.

ఈ పతనం ఒకే వేగంతో జరగదు. కొత్త రోడ్డు చాలా ఏళ్లు మెల్లగా, కంటికి తెలియకుండా దిగుతుంది. ఒక దశ దాటాక రెండు మూడేళ్లలో కుప్పకూలుతుంది. ఈ రంగంలో అందరూ చూపించే గ్రాఫ్ ఒకటుంది. ఆయుష్షులో మొదటి 75 శాతం కాలంలో రోడ్డు నాణ్యత 40 శాతం తగ్గుతుంది, ఆ తర్వాతి 12 శాతం కాలంలోనే ఇంకో 40 శాతం పోతుంది. ఆ అంకెలు ప్రతి రోడ్డుకూ అచ్చంగా సరిపోవు. కానీ ఆ గీత ఆకారం మాత్రం నేను నా కళ్లతో ఎన్నోసార్లు చూశాను. మీ వీధి ఇప్పుడు ఆ మెల్లని దిగుడులో ఉంది. అవతలి వీధి ఎప్పుడో అంచు దాటి పడిపోయింది. పడిపోయినదాన్ని ఈ ఏడాది లేపినా రెండేళ్ల తర్వాత లేపినా దాదాపు అదే పని: తవ్వి మళ్లీ వేయడం. మీ వీధిని మాత్రం ఈ రెండేళ్లూ వదిలేస్తే, పల్చటి పొరతో పోయే పని మందపాటి పొర దాకా, ఆపైన తవ్వకం దాకా వెళ్తుంది. ఆలస్యం చేస్తే ఎక్కువ నష్టపోయేది బాగున్న రోడ్డే.

ఇది మాటల్లో కంటే లెక్కలో బాగా తెలుస్తుంది. ఒక ఊళ్లో 100 కిలోమీటర్ల తారు రోడ్లున్నాయనుకోండి. ఏడాది గడిస్తే ప్రతి కిలోమీటరూ తన ఆయుష్షులో ఒక ఏడాది కోల్పోతుంది. అంటే ఏటా 100 కిలోమీటరు-ఏళ్లు కరిగిపోతాయి. ఆ ఏడాది చేసే పనులు కనీసం 100 కిలోమీటరు-ఏళ్లు తిరిగి సంపాదించకపోతే ఊరి రోడ్లు మొత్తం మీద వెనక్కి పోతున్నట్టే. ఇప్పుడు చేతిలో ఉన్న డబ్బు 4 కిలోమీటర్ల రోడ్డును పూర్తిగా తవ్వి వేయడానికి సరిపోతుందనుకుందాం. కొత్త రోడ్డు 20 ఏళ్లు నిలిస్తే వచ్చేది 80. అంటే నాలుగు అద్దం లాంటి రోడ్లు వేసి, ప్రజల చేత శభాష్ అనిపించుకుని కూడా ఊరు ఏటా 20 పోగొట్టుకుంటోంది.

అదే డబ్బును విడగొట్టి చూద్దాం. సగంతో 2 కిలోమీటర్లు కొత్తగా వేస్తే 40. మిగతా సగంలో ఒక కిలోమీటరు కొత్త రోడ్డుకయ్యే డబ్బుతో, ఖర్చు మూడో వంతే కాబట్టి, 3 కిలోమీటర్ల పాత రోడ్డు మీద మందపాటి పైపొర వేయొచ్చు. అది పదేళ్లు నిలిస్తే 30. ఇంకో కిలోమీటరు డబ్బుతో, ఎనిమిదో వంతు ఖర్చనుకుంటే, 8 కిలోమీటర్ల బాగున్న రోడ్లకు సన్నకంకర సీలు వేయొచ్చు. ఒక్కోదానికి ఆరేళ్లు కలిసొస్తే 48. మొత్తం 118. పైసా అదనంగా లేకుండా నష్టం లాభంగా మారింది. ఈ నిష్పత్తులు లెక్క చూపించడానికి నేను అనుకున్నవి. తారు ధర, కంకర దూరం, కూలీని బట్టి మారతాయి. ఎటు మార్చి చూసినా చౌక పనిని సరైన సమయంలో చేసిన భాగమే లెక్కను నిలబెడుతుంది.

అయితే ఏ రోడ్డుకు ఏ పని అన్నది కంటితో చూసి అప్పటికప్పుడు తేల్చే విషయం కాదు. ఊళ్లోని రోడ్లన్నిటినీ ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కనూ రెండు మూడేళ్లకోసారి నడిచి చూసి మార్కులు వేయాలి. ఎక్కువమంది వాడేది 0 నుంచి 100 వరకూ ఉండే పీసీఐ (పేవ్‌మెంట్ కండిషన్ ఇండెక్స్, అంటే రోడ్డు స్థితి సూచిక). అమెరికా సైన్యపు ఇంజినీర్ల విభాగం తయారుచేసింది. ఏ రకం బీట, ఎంత పొడవు, ఎంత తీవ్రం అని కొలిచి నూటిలోంచి తీసేస్తూ పోతారు. అంత ఓపిక లేని చిన్న పంచాయతీలకు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం రూపొందించిన 1 నుంచి 10 మార్కుల పద్ధతి ఉంది, మెల్లగా బండిలో వెళ్తూ కూడా వేసేయొచ్చు. నా సలహా అయితే ఏ పద్ధతైనా ఫర్వాలేదు, కానీ ఏటా అదే పద్ధతి, వీలైతే అదే మనుషులు. మనిషి మారితే మార్కు మారుతుంది. నేను వర్షం వెలిసిన గంటకు నడవమని మా వాళ్లకు చెప్పేవాణ్ని. పొడిగా ఉన్నప్పుడు కనిపించని బీట తడిసి ఆరుతున్నప్పుడు నల్లటి గీతలా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నీళ్లెక్కడ నిలుస్తున్నాయో కూడా అప్పుడే తెలుస్తుంది.

ఇక మీ వీధిలో చేసిన పనుల సంగతి. పగుళ్లు నింపడం అన్నిటికంటే చవకైన పని, నా అనుభవంలో పెట్టిన డబ్బుకు అన్నిటికంటే ఎక్కువ తిరిగిచ్చేది కూడా అదే. కానీ బాగా చేయాలి. గాలి మిషన్‌తో బీటలోని దుమ్మంతా ఊది, లోపల పొడిగా ఉందని చూసి, రబ్బరు కలిపిన వేడి సీలెంట్ పోయాలి. చల్లటి, పొడి వాతావరణం దీనికి మంచి సమయం, ఎందుకంటే బీట అప్పుడు కాస్త తెరుచుకుని ఉంటుంది. మండే ఎండలో మూసుకుపోయి ఉన్న బీట మీద పోస్తే చలికాలంలో అది మళ్లీ నోరు తెరుస్తుంది. దుమ్ము మీద పోసిన తారు ఒక్క వానకు లేచిపోతుంది. అలా లేచిపోయిన పని చూసే చాలామంది ఈ పనే దండగ అనుకుంటారు. మొసలి చర్మంలా అయిపోయిన చోట మాత్రం నింపి లాభం లేదు. అక్కడ జబ్బు కింద ఉంది.

సన్నకంకర సీలు అంటే ముందు ఎమల్షన్ చల్లుతారు. అది తారును నీళ్లలో సన్నటి బిందువులుగా కలిపి ఉంచిన ద్రవం, గోధుమ రంగులో ఉంటుంది. చల్లిన వెంటనే, అది నలుపుకు తిరగకముందే, కడిగిన కంకర చిప్స్ పరిచి రబ్బరు టైర్ల రోలర్ తిప్పాలి. కొన్నాళ్లు వదులు కంకర ఎగురుతుంది. దాన్ని ఊడ్చేదాకా బండ్లు నెమ్మదిగా వెళ్లాలి. మీకు చిరాకు తెప్పించింది అదే అయుంటుంది. మైక్రో సర్ఫేసింగ్ అని ఇంకో పద్ధతుంది: పాలిమర్ కలిపిన ఎమల్షన్, చిన్న కంకర, కొంచెం సిమెంటు, నీళ్లు యంత్రంలోనే కలిపి పరిచేస్తారు. సెంటీమీటరు మందం కూడా ఉండదు, వాతావరణం అనుకూలిస్తే గంటలో బండ్లు వదలొచ్చు. ఇవేవీ రోడ్డుకు బలం పెంచవు. గొడుగు చిరుగులు కుడతాయి, అంతే. అందుకే బలం పోయిన అవతలి వీధికి ఇదే సీలు వేస్తే ఒక్క వర్షాకాలం కూడా నిలవదు, అది నిజంగా వృథా అయ్యేది.

అన్నిటికంటే ముఖ్యమైంది, తారుతో సంబంధమే లేనిది నీటి దారి. రోడ్డు నడిమి ఎత్తుగా, అంచులు వాలుగా ఉండాలి. తారు రోడ్డుకు ఆ వాలు 2 నుంచి 2.5 శాతం, అంటే మూడున్నర మీటర్ల సగం వెడల్పులో ఏడెనిమిది సెంటీమీటర్ల తేడా. ఆ తర్వాత అంచు పక్కనున్న మట్టి భుజం ఇంకా ఎక్కువ వాలుగా ఉండాలి. కాలం గడిచేకొద్దీ అక్కడ గడ్డి పెరిగి, దుమ్ము చేరి, భుజం రోడ్డు కంటే ఎత్తవుతుంది. నీరు అంచున నిలుస్తుంది. రోడ్లు తరచుగా అంచుల నుంచే ఎందుకు తెగుతాయని అడిగేవాళ్లకు నేను చూపించేది ఆ గడ్డి దుబ్బులనే. పక్క కాలువ అడుగు, రోడ్డు కంకర పొర అడుగు కంటే కిందికి ఉండాలి. లేకపోతే కాలువలో నీరు పక్కదారిన రోడ్డు కడుపులోకి చేరుతుంది.

నాకు ఎప్పటికీ గుర్తుండిపోయే చోటు ఒకటుంది. ఒక మలుపులో ఒకే గుంతను మేం వరసగా నాలుగేళ్లు పూడ్చాం. మంచి మాల్ (తారు కలిపిన కంకర) వాడాం, చతురస్రంగా కోసి పూడ్చాం, కాంట్రాక్టరును మార్చాం. ప్రతి వానకూ లేచిపోయింది. ఐదో ఏడు ఒక పాత గ్యాంగ్‌మన్ వచ్చి, పైన కాదు సార్, ముప్పై గజాల అవతల కల్వర్టు చూడండి అన్నాడు. కల్వర్టు గొట్టం ముప్పాతిక వంతు మట్టితో పూడిపోయి ఉంది. ఇద్దరు మనుషులు రెండు రోజులు పూడిక తీశారు. ఆ తర్వాత ఒక్కసారి పూడ్చిన గుంత నేను ఆ ఊరు వదిలేదాకా మళ్లీ నోరు తెరవలేదు. అప్పటినుంచి మా వార్షిక పనుల పట్టికలో వానలకు ముందు కాలువలు, కల్వర్టుల పూడికతీత మొదటి వరసలో ఉండాలని పట్టుబట్టేవాణ్ని. ఫొటోలో చూపించడానికి ఏమీ ఉండని పని కాబట్టి కోత పడేది కూడా మొదట దానికే. ఆ కోత మీద నేను అధికారులతో ఎన్ని వాదనలు పెట్టుకున్నానో లెక్కలేదు.

గుంతల పూడ్పు గురించి కూడా చెప్పాలి, మీ ప్రశ్నలో కోపమంతా అక్కడుంది. సరైన పద్ధతి తెలిసిందే: గుంత చుట్టూ గట్టి రోడ్డు తగిలేదాకా నిటారు అంచులతో కోసి, తడీ దుమ్మూ తీసి, అంచులకూ అడుగుకూ తారు పూసి, వేడి మాల్ పొరలుగా వేసి దిమ్మిస చేయాలి. పైన ఒక పిసరు ఎత్తుగా వదలాలి, బండ్లకు అణుగుతుంది. జోరువానలో ఇది కుదరదు. అప్పుడు మంచి రకం కోల్డ్ మిక్స్, అంటే వేడి చేయకుండా వేసే మాల్, వేసి, లారీ చక్రంతో నాలుగైదుసార్లు తొక్కించి వదిలేయడమే. అది చూసి చాలామంది తూతూమంత్రం అంటారు. కానీ 1990ల్లో అమెరికాలో జరిగిన పెద్ద ప్రయోగాల్లో, మాల్ నాణ్యమైనదైతే ఈ వేసి తొక్కించే పద్ధతి కూడా కోసి పూడ్చినదానికి దాదాపు సమానంగా నిలిచిందని తేలింది. పద్ధతి కంటే మాల్‌లో చేసే పొదుపే ఎక్కువ చేటు చేస్తుంది. మట్టి, ఇటుక ముక్కలు పోసి పూడ్చడాన్ని మాత్రం నేను ఎప్పుడూ ఒప్పుకోలేదు. తడిసిన మట్టి ఆ గుంతను పెద్దది చేస్తుంది.

రోడ్డు పాడవడంలో బండ్ల వాటా గురించి ఒక మాట. 1958 నుంచి 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఆషో రోడ్డు పరీక్ష అని జరిగింది. ప్రత్యేకంగా రోడ్లు వేసి వాటి మీద రకరకాల బరువుల లారీలు తిప్పుతూ అవి ఎప్పుడు చెడతాయో చూశారు. అక్కడ తేలింది, ఇరుసు మీద బరువు పెరిగేకొద్దీ నష్టం సుమారు దాని నాలుగో ఘాతంలో పెరుగుతుందని. బరువు రెట్టింపైతే నష్టం పదహారు రెట్లు. ఒక టన్ను ఇరుసుతో పోలిస్తే పది టన్నుల ఇరుసు చేసే చేటు పది వేల రెట్లు. అంటే మీ వీధిని అరగదీసేది మీ కార్లూ స్కూటర్లూ కావు, వారానికి కొన్నిసార్లు వచ్చే చెత్త లారీ, ఇల్లు కట్టేటప్పుడు వచ్చే ఇసుక లారీలు. వాటిలో అధిక లోడు ఆపితే రోడ్డుకు ఒక పొర వేసినంత మేలు.

ఇంకో శత్రువు తవ్వకాలు. నీళ్ల పైపు కోసం, కేబుల్ కోసం కొత్త రోడ్డును అడ్డంగా కోస్తారు. కోసినవాళ్లు అంతే వెడల్పు పూడ్చి వెళ్తారు. కందకం రెండు వైపులా ఆసరా పోయి మట్టి వదులవుతుంది కాబట్టి, పైపొరను కందకం అంచు దాటి రెండు పక్కలా ఓ అడుగు అదనంగా కోసి వేయాలి. లోపలి మట్టిని ఒకేసారి నెట్టేయకుండా 15–20 సెంటీమీటర్ల పొరలుగా వేసి ఒక్కో పొరనూ దిమ్మిస చేయాలి. పైన తారు ఎంత చక్కగా ఉన్నా కింద దిమ్మిస లేకపోతే ఏడాదికి కందకం ఆకారంలో రోడ్డు కుంగుతుంది. చాలా నగరాలు కొత్త రోడ్డును మూడు నుంచి ఐదేళ్లు తవ్వకూడదని నిబంధన పెడతాయి. నేను పనిచేసిన చోట ఆ నిబంధన కంటే ఎక్కువ పనిచేసింది, రోడ్డు వేయడానికి ఏడాది ముందే నీళ్లు, మురుగు, కరెంటు, కేబుల్ విభాగాలన్నిటినీ కూర్చోబెట్టి జాబితా చూపించడం.

పైపొర వేసేటప్పుడు చూడాల్సినవి రెండే చెబుతాను. ఒకటి దిమ్మిస. మాల్ వేడిగా ఉండగానే, దాదాపు 90 డిగ్రీలకు చల్లారేలోపు రోలింగ్ పూర్తవ్వాలి. పొరలో గాలి ఖాళీలు 8 శాతం దాటితే అవి ఒకదానికొకటి కలిసి నీటికి దారులవుతాయి. రెండోది ఎత్తు. పాత పొరను గీకి తీయకుండా పొర మీద పొర వేస్తూ పోతే రోడ్డు గడపల కంటే ఎత్తెక్కుతుంది, పక్క కాలువల్లోకి నీరు వెళ్లే దారులు మూసుకుపోతాయి. గీకిన మాల్‌ను పారేయక్కర్లేదు, కొత్త మాల్‌లో కలిపి మళ్లీ వాడతారు.

సిమెంటు రోడ్లకు కథ వేరు. అక్కడ కాపాడాల్సింది పలకల మధ్య కీళ్లను. ఆ కీళ్లలో నింపిన సీలెంట్ ఊడిపోతే అక్కణ్నుంచే నీరు దిగి పలక ఊగడం మొదలవుతుంది. మిగతాది ఇదే సూత్రం.

ఇప్పుడు మీ అవతలి వీధి. బాగున్న రోడ్లకు ముందు అంటే పాడైనవాటిని గాలికి వదిలేయమని కాదు. అక్కడి మనుషుల నడుములూ బండ్లూ కూడా ముఖ్యమే, బైకు మీద వెళ్లేవాడికి గుంత అంటే ప్రాణం మీదికి వచ్చే సంగతి. తవ్వి వేసే వంతు వచ్చేదాకా ఆ వీధిలో ప్రమాదకరమైన గుంతలు ఎప్పటికప్పుడు పూడుస్తూ ఉండాలి, నీళ్లు పోయే దారి తీసి పెట్టాలి. మీ మునిసిపాలిటీ అది చేయకపోతే మీ కోపం న్యాయమైనదే. వెళ్లి అడగండి, కానీ అడిగే తీరు మార్చండి. ఊరి రోడ్ల మార్కుల జాబితా ఉందా, చివరిసారి ఎప్పుడు చూశారు, ఈ వీధికి ఎన్ని మార్కులొచ్చాయి, తవ్వి వేసే పట్టికలో ఏ ఏడాదికి రాశారు, దాని కింద పైపుల పని ఏమైనా మిగిలుందా అని రాతపూర్వకంగా అడగండి. గుంత ఫొటోతో పాటు వాన పడుతున్నప్పుడు నీరు ఎక్కడ నిలుస్తోందో ఆ ఫొటో కూడా జతచేయండి. బాగుచేసే ఇంజినీరుకు ఆ రెండో ఫొటోయే ఎక్కువ పనికొస్తుంది.